ముద్రాపకుడి పేరు లేని కరపత్రం: ఎవరికి చెప్పాలి? ఓట్లు మారతాయా?

నాగావళి ఒడ్డు:
అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఆమదాలవలస వైపు అభ్యర్థి కుటుంబాన్ని తిడుతూ రాత్రికి రాత్రి కరపత్రాలు పడేస్తుంటారు. ఫిర్యాదు ఎలా చెయ్యాలండి? అసలు వీటికి ఓట్లు మారతాయా?

బొబ్బిలి కోట:
ముందు కాగితం అడుగున చూడండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ ప్రకారం ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండి తీరాలి. లేకపోతే అదే నేరం, లోపల రాసింది అబద్ధమని మీరు నిరూపించక్కర్లేదు. శిక్ష 6 నెలల వరకు జైలు, లేదా 2,000 వరకు జరిమానా, లేదా రెండూ (ఈ రోజుల్లో 2,000 ఎవరికి లెక్క!). ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీవిజిల్‌లో అయితే ఫొటో యాప్‌లోంచే అక్కడికక్కడ తియ్యాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఎక్కదు, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. అప్పుడు అసలు కాగితం జతచేసి, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసి రిటర్నింగ్ అధికారికి ఇవ్వండి. అన్నట్టు, పాలన మీద ఎంత ఘాటు విమర్శైనా ఎన్నికల ప్రవర్తనా నియమావళికి అభ్యంతరం లేదు. వ్యక్తిగత జీవితం జోలికెళ్లినా, రుజువు లేని ఆరోపణలు చేసినా తప్పు.

రాజాం రోడ్డు:
ఓట్ల సంగతి నేను చెప్తాను. లా, సిగెల్‌మన్, రోవ్నర్ అనే పరిశోధకులు 2007లో 111 అధ్యయనాలు కలిపి చూశారు, ఎక్కువ అమెరికావే. ప్రత్యర్థిని తిట్టే ప్రకటన బాగా గుర్తుంటుంది, కానీ ఓట్లు తెచ్చిపెడుతుందని తేలలేదు. తిట్టించుకున్నవాడి మీద ఇష్టం కాస్త తగ్గినా, తిట్టినవాడి మీద అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. పోలింగ్ శాతం పడిపోతుందన్న వాదనా నిలబడలేదు. అందుకే పేరు లేకుండా వేస్తారు, ఎదురుదెబ్బ ఎవరికి తగలాలో తెలియకుండా.

నాగావళి ఒడ్డు:
మరి కేబుల్ టీవీలో వేస్తే?

బొబ్బిలి కోట:
దానికి జిల్లా ఎంసీఎంసీ (మీడియా ప్రకటనలను పరిశీలించి అనుమతిచ్చే ఎన్నికల కమిటీ) ముందస్తు అనుమతి కావాలి. పార్టీలు, అభ్యర్థులు ప్రసారానికి 3 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. సోషల్ మీడియా ప్రకటనలకూ అనుమతి తప్పదు.