అంతర సూదితో డేట్ ఆగిపోతే ఒంటికి చేటా?

పల్నాడు అమ్మాయి:
మా బాబుకి 10 నెలలు. ఇంకొకరు కావాలి కానీ మూడేళ్లు ఆగాక. అందుకని పీహెచ్‌సీలో గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ మొదలుపెట్టాను. మొదటి సూది తర్వాత ఇంచుమించు 20 రోజులు మరకలు కనపడుతూనే ఉన్నాయి. రెండోది వేయించుకుని రెండు నెలలు దాటింది, ఇప్పుడు డేటే లేదు. టెస్ట్ చేసుకుంటే గర్భం లేదనే వచ్చింది. మా అత్తమ్మ మాత్రం "నెలనెలా పోవాల్సిన చెడు రక్తం లోపలే నిలిచి గడ్డ కడుతుంది, మూడో సూది వద్దు" అంటోంది. మా ఆయన ఎటూ తేల్చడం లేదు. ఇంకో మూడు వారాల్లో సూది ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గోదావరి పెద్దమ్మ:
మీ అత్తగారి భయం నాకూ ఉందమ్మా. నెలనెలా డేట్ రావడమే ఆడదాని ఒంట్లో అంతా సవ్యంగా ఉందనడానికి గుర్తు. మా చెల్లెలి కూతురు మూడు సూదులు వేయించుకుంది. పిల్లలు కావాలని మానేస్తే తొమ్మిది నెలల దాకా డేట్ రాలేదు. ఇంట్లో "ఇక దీనికి పిల్లలు పుట్టరు" అని మొహం మీదే అన్నారు. ఆ పిల్ల అన్నం మానేసి ఏడుస్తుంటే పక్కన కూర్చున్నదాన్ని నేను. తర్వాత నెల తప్పింది, ఇప్పుడు పాప. సూది వేసిన రోజున ఇలా ఆలస్యమవుతుందని ఒక్కరూ చెప్పలేదు. ఇంత మార్పు తెచ్చే మందు జోలికి పోకపోవడమే మేలని నా మాట.

ఏఎన్ఎం అక్క:
పెద్దమ్మగారూ, చెప్పకపోవడం తప్పే. దాన్ని నేను వెనకేసుకురాను. ఆఖరి సూది తర్వాత గర్భం రావడానికి సగటున 10 నెలలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే మీ అమ్మాయికి ఆ ఏడుపు ఉండేది కాదు. సబ్‌సెంటర్‌లో నా దగ్గర సూది మధ్యలో మానేసినవాళ్లలో ఎక్కువమంది మరకలకు జడిసి మానేసినవాళ్లే. అందుకే ఇప్పుడు డేట్ ఎలా మారుతుందో చెప్పాకే కార్డు రాస్తాను.

చెల్లీ, నీ ప్రశ్నకి వస్తాను. నెలంతా రక్తం గర్భసంచిలో జమై ఒకరోజు బయటికి రాదు. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ లోపలి పొరను మందంగా పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరోన్ అనే ఇంకో హార్మోన్ దాన్ని నిలబెడుతుంది. గర్భం రాకపోతే ఈ రెండూ తగ్గిపోతాయి, పొర ఊడిపోతుంది, దాంతోపాటు 30, 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. అది ఒళ్లంతా తిరిగే రక్తమే, చెడ్డదేమీ కాదు. అంతరలో ఉన్నది 150 మిల్లీగ్రాముల ప్రొజెస్టిరోన్ లాంటి మందు. మూడు నెలలు అండాన్ని విడుదల కానివ్వదు, పొరను పలచగా ఉంచుతుంది. పొరే పెరగనప్పుడు నిలవడానికి లోపల ఏమీ లేదు. మొదట్లో ఆ పలచటి పొర అక్కడక్కడా చిట్లుతుంది, నువ్వు చూసిన మరకలు అవే. ఏడాది వాడేసరికి దాదాపు సగం మందికి డేట్ పూర్తిగా ఆగుతుంది.

అత్తమ్మగారిని ఒకటి అడుగు. బిడ్డకి రాత్రీపగలూ పాలిచ్చిన రోజుల్లో మన పెద్దవాళ్లకి నెలల తరబడి ముట్టు వచ్చేది కాదు. అప్పుడు రక్తం గడ్డ కట్టిందని ఎవరూ భయపడలేదు.

మందుల షాపు తమ్ముడు:
వరలక్ష్మీ వ్రతం వారం ఉందనగా డేట్ వాయిదా మాత్రల కోసం మా షాపుకి వచ్చేవాళ్లు చాలామంది. ఆ నోరెథిస్టిరోన్ కూడా అంతర జాతి మందే. ఆపిన రెండు మూడు రోజులకి డేట్ వస్తుంది. పూజకి ఆపుకుంటే లేని భయం ఇక్కడ ఎందుకో నాకు అర్థం కాదు. కానీ ఆ మాత్రలతో గర్భం రాదనుకోవద్దు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడనే కూడదు. చీటీ లేనిదే నేను ఇవ్వను.

డాలస్ తెలుగమ్మాయి:
నేను ఆరేళ్లు గర్భనిరోధక బిళ్లలు వాడాను. ఆ నెలనెలా వచ్చేది కూడా అసలు నెలసరి కాదు. మాలా-ఎన్ ప్యాకెట్ చూడండి: 21 హార్మోన్ బిళ్లలు, 7 ఇనుము బిళ్లలు. ఆ ఏడు రోజులూ హార్మోన్ ఆగుతుంది కాబట్టి కాస్త రక్తం కనపడుతుంది. 1960లో అమెరికాలో మొదటి బిళ్లకి అనుమతి వచ్చినప్పుడు, సహజంగా వచ్చినట్టే ఉండాలని పెట్టిన విరామం అది. ఆ విరామం వల్ల ఆరోగ్యానికి లాభమేమీ లేదని బ్రిటన్ వైద్యుల మార్గదర్శకాలు 2019లో చెప్పాయి. ఆపేశాక నాకు అయిదో వారంలో డేట్ వచ్చింది, చిన్నప్పటి కడుపునొప్పి కూడా దాంతోపాటే వచ్చింది. బిళ్లలు ఆపి మూడు నెలలైనా రాకపోతే మాత్రం చూపించుకోవాలి.

గోదావరి పెద్దమ్మ:
అయితే పీసీఓడీ పిల్లలకి బిళ్లలిచ్చి "డేట్స్ సరిచేశాం" అంటున్నారే, అది మోసం కాదా? మా మనవరాలికి ఏడాది వాడాక ఆపితే మళ్లీ మొదటికే వచ్చింది. ఇక్కడ డేట్ రాకపోతే ఏం కాదంటున్నారు, అక్కడ రాకపోతే ప్రమాదమని బిళ్లలిస్తున్నారు. ఏది నిజం?

ఏఎన్ఎం అక్క:
రెండూ నిజమే పెద్దమ్మగారూ, ఈ తేడా చెప్పకపోవడం వల్లే ఇంత గందరగోళం. పీసీఓడీలో అండం సరిగా విడుదల కాదు, ప్రొజెస్టిరోన్ రాదు, ఈస్ట్రోజన్ మాత్రం పొరను పెంచుతూనే ఉంటుంది. అలా నెలల తరబడి పెరిగితే ఆ పొరలో తేడాలు రావచ్చు, అందుకే మూడు నెలలు దాటితే ఊరుకోకూడదు. అంతరతో ఆగిన డేట్ దీనికి పూర్తిగా తిరగేసింది, అక్కడ పొరే పెరగదు. బిళ్ల ఆ పిల్ల పొరను కాపాడింది, పీసీఓడీని తీసేయలేదు. "సరిచేశాం" అన్న మాట తప్పు. మీ కోపం న్యాయమే.

అంతర గురించి ఇంకో విషయం కూడా దాచను. వాడినన్నాళ్లూ ఎముకల గట్టిదనం కొంత తగ్గుతుంది, ఆపాక చాలావరకు కోలుకుంటుంది. రెండేళ్లు దాటితే కొనసాగించాలా వద్దా అని డాక్టర్‌తో మాట్లాడాలి. గంటగంటకీ ప్యాడ్ తడిసేంత రక్తం పోతే మరకలే కదా అని ఆగకు చెల్లీ, వెంటనే రా. మూడేళ్లకి బిడ్డ కావాలంటే సూది మానేశాక పట్టే ఆ ఆలస్యాన్ని లెక్కేసుకుని ముందే ఆపి ఛాయ అనే గర్భనిరోధక బిళ్లకి మారొచ్చు. అది హార్మోన్ కాదు, లక్నోలో మన శాస్త్రవేత్తలు చేసింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. దానితో కూడా కొందరికి డేట్ వెనక్కి జరుగుతుంది, ఇప్పుడే చెబుతున్నా.

గోదావరి పెద్దమ్మ:
నా మనసు ఇంకా పూర్తిగా ఒప్పుకోవడం లేదు తల్లీ. కానీ ఇలా కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఉంటే వేయించుకోవద్దని అనను.

పల్నాడు అమ్మాయి:
రాత్రి అన్నాల దగ్గర పాల సంగతి అత్తమ్మకి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ ఆయన పుట్టాక నాకు ఏడాదిన్నర రాలేదు, నిజమే" అంది. మూడో సూదికి తనే బాబుని ఎత్తుకుని వస్తానంటోంది, ఆ కార్డులో ఏం రాస్తారో చూడాలట.