అమెరికా ఎమర్జెన్సీ రెసిడెన్సీ: స్టాఫింగ్ కంపెనీ నడిపే ప్రోగ్రామ్‌కి ర్యాంకు ఇవ్వొచ్చా?

ప్రశ్న (నెల్లూరు): అన్నా, ర్యాంక్ లిస్టులో (సీటు కోసం ఇష్టమైన వరసలో రాసిచ్చే జాబితా) పెట్టాలనుకున్న నాలుగు రెసిడెన్సీ (పీజీ శిక్షణ) ప్రోగ్రాముల్లో రెండు చోట్ల ఎమర్జెన్సీ డాక్టర్లంతా కాంట్రాక్టు కంపెనీ మనుషులే. పక్కన పెట్టేయాలా?

జవాబు (ఒంగోలు): పేరు చూసి కొట్టేయొద్దు తమ్ముడూ. ఫ్యాకల్టీకి జీతం ఎవరిస్తున్నారు, ఆసుపత్రితో కాంట్రాక్టు ఎప్పటికి ముగుస్తుంది? ఈ రెండూ ప్రోగ్రామ్ డైరెక్టర్‌ని సూటిగా అడుగు, నీళ్లు నమిలితే అదే జవాబు. ఒహాయోలోని ఆక్రన్‌లో సుమ్మా హెల్త్ 2017 జనవరి 1న డాక్టర్ల గ్రూపును మార్చింది. పాత ఫ్యాకల్టీ రాత్రికి రాత్రి పోయారు. అదే ఏడాది ఏసీజీఎంఈ (రెసిడెన్సీలకి గుర్తింపునిచ్చే సంస్థ) ఆ రెసిడెన్సీకి గుర్తింపు తీసేసింది. జే-1 వీసా (విదేశీ డాక్టర్లు శిక్షణకి వచ్చే వీసా) మీదున్న వాళ్లకి ఇట్టాంటిది జరిగితే కొత్త సీటుతోపాటు స్పాన్సర్‌షిప్ కాగితాలూ మళ్లీ మొదటికొస్తాయి.

జవాబు (కందుకూరు): కాంట్రాక్టు సంగతి సరే, అసలు దెబ్బ షిఫ్టులో తగులుతుంది. గంటకి ఇంతమందిని చూడాలని అటెండింగ్ (నీ పైన ఉండే సీనియర్ డాక్టర్) నెత్తిన లెక్క ఉంటే, నీ చేత సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) వేయించే ఓపిక ఉండదు. గ్లవ్స్ తొడుక్కుని తనే వేసేసి పోతాడు. కనీసం 35 ఇంట్యుబేషన్లు (శ్వాసనాళంలోకి గొట్టం వేయడం), 20 సెంట్రల్ లైన్లు, 10 చెస్ట్ ట్యూబులు (ఛాతీలోకి వేసే గొట్టాలు) నీ లాగ్‌లో, అంటే చేసిన ప్రొసీజర్ల లెక్కలో పడాలి. అందుకే మూడో ఏడాది వాళ్ల లాగ్ ఎంత నిండిందో అడుగు. డైరెక్టర్‌ని కాదు, వాళ్లనే, ఫోన్లో. ప్రొసీజర్లు పీఏలకి (డాక్టర్ల కింద పనిచేసే ఫిజీషియన్ అసిస్టెంట్లకి) పోతున్నాయా అనేది కూడా.

ప్రశ్న (నెల్లూరు): కంపెనీయే మునిగిపోతే?

జవాబు (ఒంగోలు): ఇట్టాంటి స్టాఫింగ్ కంపెనీయే అయిన ఎన్‌విజన్ 2023 మేలో దివాలా పిటిషన్ వేసింది కదా. రెసిడెంట్ కాంట్రాక్టు మీద సంతకం ఆసుపత్రిదా, కంపెనీదా చూసుకో. ఆసుపత్రిదైతే నీ జీతానికి ఢోకా తక్కువ, పాఠం చెప్పేవాళ్లు మాత్రం మారిపోవచ్చు.