పాత కారుకి రేడియేటర్ మార్చాలి, తక్కువ ఖర్చులో ఏది తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. నేను ఈ దేశానికి వచ్చి నాలుగు నెలలైంది. ఆఫీసుకి వెళ్ళడానికి బస్సు కుదరక ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. పదహారేళ్ళ పాతది, ఆటోమేటిక్. పోయిన వారం ట్రాఫిక్‌లో ఆగి ఉండగా టెంపరేచర్ ముల్లు పైకి వెళ్ళిపోయింది. పక్కకి ఆపి చూస్తే తియ్యటి వాసన, ముందు భాగం కింద ఆకుపచ్చ చుక్కలు. గ్యారేజీలో చూపిస్తే రేడియేటర్ పోయిందన్నారు. కంపెనీదే వేస్తామంటూ చెప్పిన మొత్తం, నేను కారు కొన్న ధరలో మూడో వంతు. ఆన్‌లైన్‌లో అదే కారుకి ఆరేడు రకాలు కనిపిస్తున్నాయి, అన్నీ చాలా చవక, ఒక్కోటి ఒక్కో ధర. పాత కార్ల యార్డు నుంచి తెచ్చుకోమని ఒకరు, లీకు ఆపే మందు పోస్తే చాలని ఇంకొకరు చెప్తున్నారు. కారు లేకపోతే ఉద్యోగానికి వెళ్ళలేను. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

మొదటి జవాబు

తమ్ముడూ, నీ ఉత్తరం చూడగానే రాస్తున్నాను. రేడియేటర్ సంగతి తేలేదాకా కారు తీయకు. నేను వచ్చిన కొత్తలో ముల్లు పైకి వెళ్ళినా "ఇంటికి ఇంకెంతో దూరం లేదు కదా" అని నడిపేశాను. ఆ కాస్త దూరంలోనే ఇంజన్ హెడ్ (ఇంజన్ పై భాగం) వంగిపోయింది, దాని కింద ఉండే గ్యాస్కెట్ (సీలు) పోయింది. రేడియేటర్‌తో పోవాల్సిన ఖర్చు చివరికి కారునే మింగేసింది. అల్యూమినియం హెడ్ వేడికి వంగడానికి ఎక్కువసేపు పట్టదు. తప్పనిసరిగా నడపాల్సి వచ్చి మళ్ళీ ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడికి తిప్పి, వెంటనే పక్కకి ఆపేయాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకూడదు. లోపలి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఒత్తిడిలో ఉంటుంది, మూత వదులవగానే మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.

ఇక అసలు విషయం. ఏ రేడియేటర్ చవక అని చూసే ముందు, పోయింది రేడియేటరేనా అన్నది తేల్చుకో. నువ్వు చెప్పిన ఒక్క వివరం నన్ను ఆలోచింపజేస్తోంది: ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కింది. కారు ఆగి ఉన్నప్పుడు మాత్రమే వేడెక్కి, వేగంగా వెళ్ళేటప్పుడు మామూలుగా ఉంటే ముందుగా ఫ్యాన్‌ని అనుమానించాలి. దానికి భిన్నంగా హైవే మీద వేడెక్కితే రేడియేటర్ లోపలి గొట్టాలు మూసుకుపోయి ఉండొచ్చు. ఇంజన్ బాగా వేడెక్కినా రేడియేటర్ పై హోస్ (రబ్బరు గొట్టం) చల్లగానే ఉంటే థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకోవడం లేదని అనుమానించాలి. చుక్కలు కూడా రేడియేటర్‌వే అని ఖాయం కాదు. పై హోస్ బిగింపు దగ్గర కారినా, వాటర్ పంప్ నుంచి కారినా గాలికి కొట్టుకుపోయి ఎక్కడో కింద పడతాయి.

అందుకే గ్యారేజీలో ప్రెషర్ టెస్ట్ చేయమను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత స్థానంలో చిన్న చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి ఎక్కించి వదిలేస్తారు. ఎక్కడ కారుతుందో కంటికి కనిపిస్తుంది. దాంతో పాటు, కూలెంట్‌లోకి ఇంజన్ పొగ చేరుతోందా అని చూసే రంగు ద్రవం పరీక్ష కూడా అడుగు. నీలం ద్రవం పసుపుగా మారితే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. అప్పుడు కొత్త రేడియేటర్ వేసినా డబ్బు దండగే. ఆయిల్ మూత అడుగున మీగడలాంటి తెల్లటి పదార్థం, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగని తెల్లటి పొగ, కూలెంట్‌లో ఆగకుండా బుడగలు, ఇవి కూడా ఆ గుర్తులే.

రేడియేటరే అని తేలిందనుకుందాం. పదహారేళ్ళ కారులో అది పోవడం వింతేమీ కాదు. మధ్యలో ఉండే కోర్ అల్యూమినియం, రెండు చివర్ల ట్యాంకులు గాజు పీచు కలిపిన నైలాన్. మధ్యలో రబ్బరు పెట్టి, అల్యూమినియం అంచుని ట్యాంకు మీదికి వంచి నొక్కేస్తారు. ఏళ్ళ తరబడి వేడెక్కుతూ చల్లారుతూ నైలాన్ పెళుసెక్కి ఆ అతుకు దగ్గరే చిట్లుతుంది. అక్కడ ఎండిపోయిన తెల్లటి, ఆకుపచ్చటి పొరలు కనిపిస్తాయి.

కొనేటప్పుడు కారు పేరు, సంవత్సరం చూసుకుంటే సరిపోదు. 17 అక్షరాల విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య), ఇంజన్ సైజు, గేర్‌బాక్స్ రకం ఇచ్చి వెతుకు. కుదిరితే పాతదాని మీద ఉన్న పార్ట్ నంబరు పట్టుకుని సరిపోల్చు. ఒకే ఏడాది, ఒకే మోడల్‌లో కూడా రెండు మూడు రకాలు ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, నీది ఆటోమేటిక్. చాలా ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే చిన్న కూలర్ రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంటుంది. కింద రెండు సన్నటి గొట్టాలు వచ్చి కలుస్తాయి, వంగి చూడు. చవక అని మాన్యువల్ కారుది తెచ్చుకుంటే ఆ గొట్టాలు పెట్టే చోటే ఉండదు. ఆ లోపలి కూలర్ చిట్లితే కూలెంట్, గేర్ ఆయిల్ కలిసిపోయి గులాబీ రంగు చిక్కటి పాలలా అవుతాయి, గేర్‌బాక్స్ పోతుంది. యార్డు నుంచి పాత రేడియేటర్ వద్దనడానికి నా పెద్ద కారణం ఇదే. దాని వయసు కూడా నీ కారు వయసే. విప్పి బిగించే కూలీ, కొత్త కూలెంట్ ఖర్చు కొత్తదానికైనా పాతదానికైనా ఒకటే. ఆ కష్టమంతా పెట్టి ఇంకో పెళుసు ప్లాస్టిక్ బిగించుకోవడం నాకు మనసొప్పదు. ఏ కారణం చేతో వదిలేసిన కారులో ఈ మధ్యే మార్చిన రేడియేటర్ దొరికితే వేరే సంగతి. అలాంటిది మెరుస్తూ చూడగానే తెలుస్తుంది.

లీకు ఆపే మందు సన్నటి రంధ్రాన్ని పూడుస్తుంది, నిజమే. కానీ అది లీకు ఏదో, మామూలు దారి ఏదో తెలుసుకోలేదు. హీటర్ కోర్‌లో (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్‌లో) గొట్టాలు చాలా సన్నవి, అక్కడ కూడా పేరుకుంటుంది. చలికాలంలో హీటర్ రాకపోతే అద్దం మీద మంచు కరగదు. నడిరోడ్డు మీద ఇరుక్కున్నప్పుడు ఇంటికి చేరడానికి తప్ప దాన్ని వాడకు. చిట్లిన ప్లాస్టిక్ అతుకుని అది ఎలాగూ ఆపలేదు.

మిగిలింది కంపెనీ పెట్టెలోదా, బయటి తయారీదా అన్నది. నీ కారుకి బయటి తయారీదే తీసుకో, అందులో సందేహం లేదు. కార్ల కంపెనీలకి రేడియేటర్లు చేసిచ్చే డెన్సో, వాలియో, మాలే లాంటివాళ్ళు తమ సొంత పేరు మీద కూడా అమ్ముతారు. నిసెన్స్, కోయోరాడ్ కూడా పేరున్నవే. కార్ల కంపెనీ పెట్టెకి ఇచ్చే అదనపు ధర వీటికి ఉండదు. పేరే లేని వాటిలో కూడా బాగా పనిచేసేవి ఉన్నాయి, అయితే చూసి కొనాలి. కోర్ మందం ఎన్ని మిల్లీమీటర్లు అన్నది వివరాల్లో రాసి ఉంటుంది. అసలుది 26 ఉంటే 16 ఇస్తున్నవాళ్ళు అందుకే అంత చవకగా ఇవ్వగలుగుతున్నారు. బొమ్మలో బాగానే కనిపిస్తుంది, ఎండలో ఏసీ వేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. అలాగే కోర్ బ్రేజింగ్ చేసినదా అని చూడు. గొట్టాలని రేకుల్లోంచి దూర్చి ఉబ్బించి వదిలేసిన రకం కన్నా, కరిగించి అతికిన రకం వేడిని బాగా వదులుతుంది. రేసు కార్లకు వేసే మొత్తం అల్యూమినియం రేడియేటర్లు నీకు అక్కర్లేదు.

గ్యారంటీ జీవితకాలం అని రాసి ఉంటే మురిసిపోకు. సాధారణంగా అది వస్తువుకే, మళ్ళీ విప్పి బిగించే కూలీకీ కూలెంట్‌కీ వర్తించదు. పెట్టె రాగానే తెరిచి ఫోటోలు తీసుకో. దారిలో రేకులు వంగడం, ట్యాంకు మూల చిట్లడం మామూలే. పాతది విప్పాక రెండూ పక్కపక్కన పెట్టి హోస్‌లు పెట్టే చోట్లు, మేకులు, ఫ్యాన్ బిగించే రంధ్రాలు, అన్నీ కలుస్తున్నాయా చూసుకున్నాకే బిగించాలి. ఒకసారి బిగించిందాన్ని చాలామంది వెనక్కి తీసుకోరు.

రెండో జవాబు

అన్నయ్య చెప్పినదంతా నిజం. గ్యారేజీ వాళ్ళతో మాట్లాడటం గురించి నేను కొంచెం చెప్తాను, ఎందుకంటే కొత్తగా వచ్చినప్పుడు నాకు అదే పెద్ద భయం.

నువ్వు తెచ్చిన పార్టు బిగిస్తారా అని ముందే ఫోన్ చేసి అడుగు. కొందరు ఒప్పుకోరు. ఒప్పుకున్నవాళ్ళు కూడా పనికి గ్యారంటీ ఇవ్వకపోవచ్చు. అది మోసమేమీ కాదు, వాళ్ళు తేని పార్టుకి వాళ్ళు పూచీ పడలేరు. అందుకని ఇంకో దారి అడిగి చూడు: "కంపెనీది కాకుండా బయటి తయారీది మీరే తెప్పించి వేస్తే ఎంత అవుతుంది?" ఇలా అడగొచ్చని నాకు ఏడాది దాకా తెలియదు. రెండు మూడు చోట్ల రాతపూర్వకంగా అంచనా తీసుకో. పార్టు ఏ తయారీ, ఎన్ని గంటల కూలీ, కూలెంట్ ఎంత, పన్ను ఎంత, విడివిడిగా రాయమను. చాలా కార్లకు ఇది రెండు మూడు గంటల పని. అంతకు బాగా ఎక్కువ రాస్తే ఎందుకని అడగడంలో తప్పు లేదు.

రేడియేటర్ విప్పినప్పుడే మూత, థర్మోస్టాట్, పై కింది హోస్‌లు మార్పించేయి. ఇవి పెద్ద ఖర్చు కావు, కూలీ ఎలాగూ ఇస్తున్నావు. మూతని చిన్నచూపు చూడకు. సగం సగం కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 15 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మూత సరిగ్గా పట్టి ఉంచితే 129 దాకా మరగదు. పాత మూత స్ప్రింగు వదులైతే ఆ రక్షణ పోయినట్టే.

కూలెంట్ రంగు చూసి కొనకు. ఆకుపచ్చ, గులాబీ, నీలం అన్నవి తయారీదారు ఇష్టం, ప్రమాణం కాదు. కారు పుస్తకంలో ఏ రకం రాసి ఉందో అదే తీసుకో. వేరే వేరే రకాలు కలిపితే తుప్పు ఆపే గుణం దెబ్బతింటుంది. చిక్కటిది కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. కలిపి అమ్మేదానిలో మళ్ళీ నీళ్ళు పోయకూడదు. ఉత్త కుళాయి నీళ్ళు పోసి కొన్నాళ్ళు నడుపుదాం అనుకోవద్దు. గడ్డకట్టే చలిలో నీరు 9 శాతం దాకా ఉబ్బి ఇంజన్ బ్లాక్‌నే పగలగొట్టగలదు. సగం సగం కలిపినది సున్నాకి 37 డిగ్రీల కింది దాకా తట్టుకుంటుంది.

ఇంకొకటి, ఇది దయచేసి మరిచిపోకు. నేల మీద కారిన కూలెంట్ తుడిచేయి. అది తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలు, కుక్కలు, పిల్లులు నాకితే ప్రాణం మీదికి వస్తుంది. పాతది కాలువలో పోయకుండా మూత ఉన్న డబ్బాలో పట్టి సేకరణ కేంద్రంలో ఇవ్వాలి.

అడిగినవారు మళ్ళీ రాసినది

అక్కా, అన్నా, మీ ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. నిన్న కారు లాగించుకుని వేరే గ్యారేజీకి తీసుకెళ్ళాను. ప్రెషర్ టెస్ట్‌లో కుడి ట్యాంకు అతుకు దగ్గర కారుతోంది. రంగు ద్రవం నీలంగానే ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. బయటి తయారీది వాళ్ళే తెప్పిస్తామన్నారు, మొదట చెప్పిన దాంట్లో సగం కన్నా తక్కువ. రెండు చూపించారు: ఒకటి 16 మిల్లీమీటర్లు, ఒకటి 26. ధరలో తేడా కొంచెమే. పాతది 26 అట. 26ది తీసుకుంటే సరిపోతుందా? బిగించాక నేను చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

మొదటి జవాబిచ్చినవారు

హమ్మయ్య, హెడ్ బాగుంది, అదే నాకు పెద్ద సంతోషం. 26దే వేయించు. గేర్ ఆయిల్ గొట్టాలు పెట్టే రెండు చోట్లు ఉన్నాయా అని మాత్రం పెట్టె తెరిచినప్పుడు నీ కళ్ళతో చూడు. ఆ గొట్టాల మరలు ముందు చేత్తో తిప్పి పట్టించాకే పానాతో బిగించమను. అడ్డంగా పడితే మెత్తటి మర చెడిపోతుంది. పని అయ్యాక గేర్ ఆయిల్ మట్టం కూడా చూపించుకో, విప్పినప్పుడు కొంత కారిపోయి ఉంటుంది.

కూలెంట్ నింపాక లోపల గాలి బుడగలు ఉండిపోతే కొత్త రేడియేటర్‌తో కూడా ముల్లు లేస్తుంది. హీటర్ పూర్తి వేడిలో పెట్టి, ఫ్యాన్ కనీసం రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడిపి చూపించమను. హీటర్ నుంచి వేడి గాలి నిలకడగా రావాలి. వేడిగా వచ్చి మధ్యలో చల్లగా మారితే ఇంకా గాలి ఉన్నట్టు.

మర్నాడు పొద్దున స్టార్ట్ చేయకముందే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పక్క డబ్బాలో మట్టం చూడు. కాస్త దిగి ఉంటే గీత దాకా కూలెంట్ పోయి. అలా వారం రోజులు చూడు. రెండో మూడో రోజు నుంచి మట్టం కదలకుండా ఉంటే నిశ్చింతగా ఆఫీసుకి వెళ్ళు. రోజూ దిగుతూనే ఉంటే నడపకుండా ఇక్కడ రాయి, నేను చూస్తూ ఉంటాను.