ఒసాకాలో ఆఫీసు విందు: మద్యం ముట్టని నేను వెళ్లాలా, మానాలా?

హనుమకొండ అమ్మాయి:
వరంగల్‌లో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్ కోసం ఒసాకా వచ్చాను. శుక్రవారం రాత్రి మా బృందం నాకోసం ఇజకాయాలో (మద్యం, తిండి రెండూ దొరికే జపాన్ హోటల్) విందు పెట్టుకుంది. నేను మద్యం ముట్టను, మాంసం, చేపలు తినను. మానేద్దామంటే మనసొప్పడం లేదు. పగలంతా తల వంచుకుని పనిచేసే మనుషులు అక్కడే నోరు విప్పుతారట. వెళ్తే వాళ్లకు ఇబ్బందేమో?

జమ్మికుంట అన్న:
తప్పకుండా వెళ్లు చెల్లీ. ఆ విందు నీకోసమే. నేను జపాన్‌లో ఉన్నప్పుడు నాకు పని నేర్పిన పెద్దాయన తన ఊరి గురించి, పిల్లల గురించి మొదటిసారి మాట్లాడింది అలాంటి బల్ల దగ్గరే. ఊలాంగ్ టీ అడుగు, చల్లగా పెద్ద గ్లాసులో ఇస్తారు. అందరి గ్లాసులూ వచ్చేదాకా ఎవరూ తాగరు. ‘కంపాయ్’ (మన ‘చీర్స్’ లాంటిది) అన్నప్పుడు పెద్దవాళ్ల గ్లాసు అంచు కన్నా నీ గ్లాసు కాస్త కిందికి ఉంచి తగిలించు. తమ గ్లాసు తామే నింపుకోవడం అక్కడ అలవాటు కాదు, పక్కవాళ్లు పోస్తారు. నీకు మనసు లేకపోతే పోయకు, ఎవరూ ఏమీ అనుకోరు. మేజర్ వయసును 2022లో 18కి తగ్గించినా మద్యానికి మాత్రం 20 నిండాల్సిందే. నీకింకా నిండకపోతే ఆ ఒక్క మాట చాలు. అక్కడ ముగిశాక కొందరు ఇంకోచోటికి బయలుదేరుతారు. దానికి వెళ్లకపోయినా తప్పులేదు, దండం పెట్టి రైలెక్కు.

కాజీపేట అక్క:
నన్నడిగితే తాగుడు కన్నా తిండితోనే చిక్కు. కూరగాయలే కదా అనుకున్న పులుసులోనూ ఎండుచేప రసం ఉంటుంది. చల్లని తోఫు మీద కూడా ఎండుచేప పొరలు చల్లుతారు. రంపపు పొట్టులా పలుచగా, గులాబీ రంగులో ఉంటాయి. చాలాచోట్ల విందు మెనూ ముందే మాట్లాడుకుంటారు కాబట్టి మీ మెంటర్‌కు ఈ రోజే చెప్పండి. ఉప్పువేసి ఉడికించిన సోయా కాయలు (ఎడమామె) దాదాపు ప్రతిచోటా దొరుకుతాయి. అడగకుండానే ఒక చిన్న గిన్నెలో ఏదో తినడానికి తెచ్చిపెడతారు, దానికీ డబ్బు వేస్తారు, కంగారుపడకండి. ఇంట్లో కాస్త పెరుగన్నం తిని వెళ్లండి.

హనుమకొండ అమ్మాయి:
మెంటర్‌కు ఇప్పుడే మెసేజ్ పెట్టాను అక్కా. అమ్మ కట్టిచ్చిన సకినాలు డబ్బానిండా ఉన్నాయి. విందుకు తీసుకెళ్లనా?

జమ్మికుంట అన్న:
ఇజకాయాకు బయటి తిండి వద్దు. సోమవారం ఆఫీసులో పంచు. రెండేసి చొప్పున కవర్లలో వేసి ఒక్కొక్కరి బల్ల మీద పెట్టు. బియ్యప్పిండి, నువ్వులు, వాము అని చీటీ రాయి, నువ్వులు పడనివాళ్లు ఉండొచ్చు.