రూట్‌కి (లినక్స్‌లో సర్వాధికారాలున్న అడ్మిన్ ఖాతా) వచ్చే మెయిల్ మన లాగిన్‌కి రావాలంటే?

మూడులాంతర్లు (విజయనగరం):
కోట దగ్గర మా అకౌంట్స్ ఆఫీసులో డెబియన్ లినక్స్ మీద నడిచే పాత కంప్యూటర్ డబ్బా ఒకటుంది. రెండు డిస్కులతో రైడ్ 1 (రెండింట్లోనూ ఒకే డేటా). మొన్న కరెంటు పోయి వచ్చాక చూస్తే ఒక డిస్కు ఎప్పుడో పోయింది. చెప్పలేదా అంటే, చెప్పింది పాపం! వార్ మెయిల్‌లో (/var/mail, మెయిళ్లు దాచే ఫోల్డర్) రూట్ ఫైలు తెరిస్తే మూడు నెలలుగా రోజుకొకటి ‘డిగ్రేడెడ్ అర్రే’ (డిస్కుల జతలో ఒకటి పోయింది) అని ఎమ్‌డీఆడ్మ్ (mdadm, రైడ్‌ని చూసుకునే ప్రోగ్రాం) మెయిళ్లు. నేను రూట్‌గా లాగిన్ అవ్వను, అంతా సుడోతోనే (మామూలు లాగిన్ నుంచే రూట్ అధికారంతో కమాండ్ నడపడం). అవి నాకు రావాలంటే ఏం చెయ్యాలి? మెయిల్ సర్వరుగా పోస్ట్‌ఫిక్స్ ఉంది.

ఏడురోడ్లు (శ్రీకాకుళం):
ముందు డిస్కు మార్చండి బాబూ :) ఈటీసీలో (/etc) ఏలియాసెస్ (aliases) అనే ఫైలుంటుంది, ఎవరి మెయిల్ ఎవరికి మళ్లాలో రాసేది. అందులో రూట్ అని రాసి, కోలన్ పెట్టి, పక్కన మీ యూజర్ పేరు రాయండి. సేవ్ చేశాక సుడోతో న్యూఏలియాసెస్ (newaliases) కమాండ్ కొట్టాలి. కొట్టకపోతే పోస్ట్‌ఫిక్స్ పాత పట్టికే చూస్తుంది. నేను ఓ పూటంతా జుట్టు పీక్కున్నది దీనికే.

పలాసజీడి:
రూట్ హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఫార్వర్డ్ (.forward) ఫైలు పెట్టి యూజర్ పేరు రాసినా వెళ్తుంది కదన్నా? నాదలాగే నడుస్తోంది.

ఏడురోడ్లు:
వెళ్తుంది తమ్ముడూ. కానీ ఏలియాసెస్‌లో రూట్ మెయిల్ వేరేవాళ్లకి మళ్లించి ఉంటే డాట్ ఫార్వర్డ్ దాకా రాదు. రెండు చోట్లా రాసి తికమకపడకండి.

బొబ్బిలివీణ:
పోస్ట్‌ఫిక్స్ బదులు ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వరు వాడేవాళ్లకి ఇంకో తిరకాసు. డెబియన్‌లో రూట్‌కి ఏలియాస్ లేకపోతే మెయిల్ ‘రూట్’ ఫైల్లో కాదు, వార్ మెయిల్‌లోనే ‘మెయిల్’ అనే ఫైల్లో పడుతుంది. రూట్ ఫైలు లేదు కదా, అంతా బాగానే ఉందని నేను నెలల తరబడి హాయిగా ఉన్నాను. అసలు మెయిల్ సర్వరే వేసుకోకపోతే మరీ ఘోరం, క్రాన్ (టైము ప్రకారం పనులు నడిపే ప్రోగ్రాం) ఔట్‌పుట్‌ని పారేసి లాగ్‌లో ఒక ముక్క రాసి ఊరుకుంటుంది.

పలాసజీడి:
యూజర్ పేరు బదులు నేరుగా జీమెయిల్ అడ్రస్ రాయొచ్చా?

ఏడురోడ్లు:
రాయొచ్చు. కానీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో 25 పోర్టు (సర్వర్లు మెయిల్ పంపుకునే దారి) చాలాచోట్ల మూసేసి ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్ (మన మెయిల్‌ని బయటికి చేర్చే సర్వరు) పెట్టి, 587 పోర్టు మీద యాప్ పాస్‌వర్డ్‌తో (ప్రోగ్రాముల కోసం జీమెయిల్ విడిగా ఇచ్చేది) పంపాలి.

మూడులాంతర్లు:
అయింది గురువుగారూ! టెస్ట్ మెయిల్ రూట్‌కి పంపితే నాకొచ్చింది. పాతవి మాత్రం రాలేదు.

ఏడురోడ్లు:
రావు. మళ్లింపు కొత్తవాటికే. పాత ఫైలు సుడోతో చదువుకోండి.

మూడులాంతర్లు:
సరే. ఇప్పుడు ఐదు నిమిషాలకోసారి మా బ్యాకప్ స్క్రిప్టు గోల మొదలైంది. ఇన్నాళ్లూ రూట్ ఒక్కడే భరించాడన్నమాట.

బొబ్బిలివీణ:
క్రాన్ లైన్లో మామూలు ఔట్‌పుట్ డెవ్ నల్‌కి (/dev/null, ఏది వేసినా మాయమయ్యే చోటు) తొయ్యండి. ఎర్రర్లు మాత్రం రానివ్వండి.

మూడులాంతర్లు:
చేశాను. కొత్త డిస్కు రేపు వైజాగ్ నుంచి వస్తోంది.