లాభం మస్తు చూపిస్తున్నరు, ఆడిటర్ సంతకం ఉన్నది, ఇంక పైసలు పెట్టొచ్చా?

పానగల్లు పోరడు:
అందరికి నమస్తే. మాది నల్లగొండ. బాపు రిటైర్ అయినంక వచ్చిన పైసలల్ల కొన్ని ఎఫ్‌డీ చేసినం, మిగిలినయి షేర్లల్ల పెడదామని మా బావ ఒక చిన్న కంపెనీ పేరు చెప్పిండు, ఎస్ఎంఈ ప్లాట్‌ఫాం (ఎక్స్చేంజ్‌ల చిన్న కంపెనీల కోసం ఉన్న విభాగం) మీద లిస్ట్ అయి ఉన్నది. లాభం ఏటికేడు పెరుగుతనే ఉన్నది, ఆడిటర్ కూడా తప్పేం రాయలే. సీఏ సంతకం పెట్టినంక ఇంక మనం చూసేదేముంటది అంటడు బావ. నేను యాన్యువల్ రిపోర్ట్ తీసి చూస్తే ఒక్కటి అర్థమైతలేదు, లాభం గంత ఉంటే బ్యాంకు అప్పు ఎందుకు పెరుగుతున్నది? బాపు కష్టం కదా, భయమైతున్నది. లెక్కలు నిజమా కాదా మనలాంటోళ్లం ఎట్ల పట్టుకోవాలె, జర తెలిసినోళ్లు చెప్పుండ్రి.

మిర్యాలగూడ మిల్లు లెక్కలు:
తమ్మీ, అప్పు సంగతి పట్టుకున్నవ్ చూడు, ఆడికెళ్లే మొదలుపెట్టాలె. నేను రైస్ మిల్లులల్ల అకౌంట్స్ రాస్త. బిల్లు కొట్టంగనే అమ్మకం పుస్తకంల పడుతది, పైసలు వచ్చినా రాకున్నా. మార్చి ఆఖరుల పెద్ద పెద్ద బిల్లులు కొట్టి ఏప్రిల్ల సరుకు వాపస్ వచ్చిందని రాస్తే పోయిన ఏడు లాభం పెరిగినట్టే కనవడుతది. అందుకే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ తియ్యి, ఆపరేటింగ్ యాక్టివిటీస్ కింద వచ్చిన నగదును లాభం పక్కన పెట్టి ఏండ్ల వారీగ చూడు. ఒక ఏడు తక్కువున్నా కంగారు లేదు, ధంధా పెరిగితే స్టాకుల పైసలు ఇరుక్కుంటయి, గని ప్రతి ఏడు లాభం ప్లస్, నగదు మైనస్ అంటే ఆ లాభం యాడున్నదో అడగాల్సిందే, ఎక్కువసార్లు రాని బాకీలల్ల ఉంటది లేకుంటే స్టాకుల ఉంటది. నగదు చేతికి రాకుంటే ధంధా అప్పుతోనే నడపాలె, అప్పు పెరిగేది అందుకే కావొచ్చు.

స్టాకు గురించి ఇంకోమాట. మా దిక్కు మిల్లు గోదాం నిండ వడ్లుంటయి, అండ్ల సీఎంఆర్ కింద (బియ్యం పట్టి వాపస్ ఇయ్యమని) సర్కారు ఇచ్చినయి కూడా ఉంటయి, అవి మిల్లువి కావు. బయటోళ్లకు అన్నీ ఒక్కతీరు బస్తాలే. సీసీ లిమిట్ (స్టాకు, బాకీల మీద బ్యాంకు ఇచ్చే అప్పు) కోసం బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ల అవి కూడా కలిపి రాస్తే డ్రాయింగ్ పవర్, అంటే తీసుకోగలిగే అప్పు, పెరుగుతది. నీ కంపెనీది వేరే ధంధా కావొచ్చు, ఆడ గూడ ఇదే చూడాలె, ఉన్న స్టాకు ఎవలది అని. కారో 2020 ల (ఆడిటర్ తన రిపోర్ట్‌ల ఏమేం రాయాల్నో చెప్పే సర్కారు ఆర్డర్) ఒక క్లాజు ఉన్నది, వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ 5 కోట్లు దాటితే, బ్యాంకుకు మూడు నెలలకోసారి ఇచ్చిన లెక్క పుస్తకాల లెక్కతోని కలుస్తున్నదా లేదా ఆడిటర్ రాయాలె. ఆడిట్ రిపోర్ట్ వెనక అనెక్జర్ల ఉంటది, చాలామంది ఆడిదాక పోరు. నువ్వు పో.

పాలమూరు ఆడిట్ అక్క:
సీఏ సంతకం సంగతి నేను చెప్త, మహబూబ్‌నగర్ల ఆడిట్ ఆఫీసుల పనిచేస్తున్న. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యంకు పెద్ద ఆడిట్ సంస్థ సంతకం ఉండె, 2008 సెప్టెంబర్ల కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు గూడ వచ్చె. 2009 జనవరి 7 న దాని చైర్మన్ రామలింగరాజు ఉత్తరం రాస్తే తెలిసింది, పుస్తకాలల్ల చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలల్ల 5,040 కోట్లు అసలు లేనే లేవని. ముందటి సెప్టెంబర్ క్వార్టర్ల ఆపరేటింగ్ మార్జిన్ 24 శాతం చూపిస్తే నిజంగ ఉన్నది 3 శాతం. బ్యాంకుల ఉన్న పైసలకు ఆడిటర్ సొంతంగ బ్యాంకుకు లెటర్ పంపాలె, జవాబు నేరుగ ఆడిటర్‌కే రావాలె, కంపెనీ చేతులల్లకెళ్లి రావొద్దు. ఈ ఒక్క పని గట్టిగ చేస్తే అంత పెద్ద అబద్ధం అన్నేండ్లు నిలవడదు. నాకు ఇప్పటికీ బాధ అనిపించేది గదే.

ఆ తర్వాత చట్టం మారింది, 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీల ఒక ఆడిట్ సంస్థ వరుసగ పదేండ్లు మించి ఉండరాదు, 2018 ల ఆడిటర్ల మీద నిఘా పెట్టే ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ అనే సర్కారు సంస్థ వచ్చింది. అయినా ఆడిటర్‌కు ఫీజు ఇచ్చేది ఆ కంపెనీనే, అది మారలే. ప్రమోటర్ (కంపెనీ పెట్టి నడిపిచ్చేటాయన) మీద బ్యాంకు ఒత్తిడి, షేర్ ధర ఒత్తిడి, ఆయన ఒత్తిడి అకౌంటెంట్ మీద పడుతది, అకౌంటెంట్ నౌకరి పోతదని ఊకుంటడు. బోర్డుల వద్దు అనే మనిషి ఒక్కలు లేకుంటే కాగితాలన్నీ సక్కగనే కనవడుతయి.

అందుకే రిలేటెడ్ పార్టీ నోట్, అంటే సొంతోళ్లతోని చేసిన లావాదేవీల లెక్క, తప్పకుండ చదువు. 2008 డిసెంబర్ 16 న సత్యం బోర్డు ప్రమోటర్ కుటుంబానికి సంబంధించిన మేటాస్ కంపెనీలు రెండు కొంటమంటే ఇన్వెస్టర్లు గొడవ చేసిండ్రు, వెంటనే ఎనుకకు తగ్గిండ్రు. వాళ్లకు అనుమానం తెచ్చింది ఆడిట్ రిపోర్ట్ కాదు, సొంతోళ్ల దగ్గర కొంటున్నరనే సంగతి.

సూర్యాపేట సారు:
పైవాళ్లు చెప్పినయి కరెక్టే, నేనొకటి కలుపుత. ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెట్టిండ్రా చూడు, సత్యం తర్వాతనే 2009 ల షేర్ మార్కెట్ల మీద నిఘా పెట్టే సెబీ ఇది బయటికి చెప్పాల్సిందే అన్నది, ఎక్స్చేంజ్ సైట్ల షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ కింద దొరుకుతది. ఆడిటర్ నడిమిట్ల రాజీనామా చేసిండంటే కారణం చదవకుండ ఒక్క షేర్ గూడ కొనకు. ఎస్ఎంఈ కంపెనీలు రిజల్ట్స్ ఆరు నెలలకోసారే ఇస్తయి, అందాక లోపల ఏమైతున్నదో మనకు తెల్వది. వాట్సాప్ గ్రూపులల్ల టార్గెట్ ధర పెట్టేటోళ్లను ఈ నోట్లు చదివిండ్రా అని అడుగు. మీ బావను గూడ అడుగు, కోపం చేసుకోకుండ మంచిగ అడుగు, చుట్టరికం వేరే, బాపు పైసలు వేరే.

పానగల్లు పోరడు:
అన్నా, అక్కా, సారూ, మస్తు థ్యాంక్స్. మీరు చెప్పినట్టే చూసిన. ఆపరేటింగ్ నగదు మూడేండ్లు మైనస్సే. ట్రేడ్ రిసీవబుల్స్ ఏజింగ్ల (అమ్మిన సరుకుకు రావాల్సిన బాకీలు ఎన్ని దినాల నుంచి ఉన్నయో చెప్పే పట్టిక) ఏడాది దాటిన బాకీలు బాగనే ఉన్నయి. ఇంకోటి, రిలేటెడ్ పార్టీ నోట్ల ప్రమోటర్ భార్య పేరు మీదున్న కంపెనీకి అడ్వాన్స్ ఇచ్చినట్టున్నది, దేనికో రాయలే. అక్కా, సరుకు కోసం అడ్వాన్స్ అయితే అది ఏడాది దాటి అట్లనే ఉండొచ్చునా?

పాలమూరు ఆడిట్ అక్క:
సరుకు కోసమే అయితే వచ్చే ఏడు ఆ కంపెనీ నుంచి కొన్నట్టు అదే నోట్ల కనవడాలె. పోయిన ఏడు రిపోర్ట్, ఈ ఏడుది రెండూ తీసి ఆ పేరు దగ్గర బాకీ తగ్గిందా పెరిగిందా చూడు. పెరిగి, కొనుగోళ్లు ఏం లేకుంటే కంపెనీ సెక్రటరీకి ఈమెయిల్ పెట్టి అడుగు, ఆయన ఈమెయిల్ రిపోర్ట్ మొదట్లనే ఉంటది. జవాబు వచ్చేదాక బాపు పైసలు ఎఫ్‌డీలనే ఉండనియ్యి.