గ్రాఫీన్ ట్రాన్సిస్టర్లు వస్తే ప్రాసెసర్ స్పీడ్ నిజంగా పెరుగుతుందా?

క్లాక్‌వేట: 2010లో ఐబీఎం వాళ్లు గ్రాఫీన్‌తో (ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ షీట్) 100 గిగాహెర్ట్జ్ ట్రాన్సిస్టర్ చేసి చూపించారట, మన ప్రాసెసర్లేమో ఇప్పటికీ 5, 6 గిగాహెర్ట్జ్ దగ్గరే కొట్టుకుంటున్నాయి. ల్యాబ్‌లో అంత బాగా పనిచేసింది చిప్‌లోకి ఎందుకు రాలేదు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్

గేట్‌లెవెల్: ఆ 100 క్లాక్ స్పీడ్ కాదండీ, కటాఫ్ ఫ్రీక్వెన్సీ, అంటే ఒక్క ట్రాన్సిస్టర్ కరెంట్‌ని పెంచగలిగే ఆఖరి హద్దు. సిలికాన్ ట్రాన్సిస్టర్‌ని విడిగా కొలిచినా అది వందల్లోనే వస్తుంది. ప్రాసెసర్‌లో మాత్రం ఒక క్లాక్ టిక్ అయ్యేలోపు సిగ్నల్ ఒకదాని వెనక ఒకటి బోలెడు లాజిక్ గేట్లు (ట్రాన్సిస్టర్లతో కట్టిన చిన్న సర్క్యూట్లు) దాటాలి, మధ్యలో వైర్ల ఆలస్యం, పైగా వేడి. 2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ని రద్దు చేసుకుంది కదా, అక్కడినుంచి అందరూ కోర్లు పెంచే దారి పట్టారు

కార్బన్‌బాబు: గేట్‌లెవెల్ గారు చెప్పింది కరెక్టే కానీ అసలు పేచీ బ్యాండ్ గ్యాప్ దగ్గరుంది, అంటే కరెంట్ పారాలంటే ఎలక్ట్రాన్ దాటాల్సిన ఎనర్జీ గడప, ట్రాన్సిస్టర్‌ని ఆఫ్ చేయనిచ్చేది అదే, గ్రాఫీన్‌కి అది సున్నా. ఎలక్ట్రాన్లు దూసుకెళ్తాయి, గాల్లో వేలాడదీసిన శుభ్రమైన షీట్‌ని బాగా చల్లబరిచి కొలిస్తే మొబిలిటీ (ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయనే కొలత) సిలికాన్‌కి వంద రెట్ల పైనే వచ్చింది, కానీ ఆపమంటే ఆగవు. లాజిక్‌కి ఆన్ కరెంట్ ఆఫ్ కరెంట్ కంటే కనీసం పదివేల రెట్లు ఉండాలి, మామూలు గ్రాఫీన్ షీట్‌తో పది రెట్లు రావడమే గగనం. కట్టేసినా కారే కుళాయి అన్నమాట, అలాంటివి చిప్‌లో వందల కోట్లు పెడితే ఏ పనీ చేయకుండానే కాలిపోతుంది. 10 నానోమీటర్ల కంటే సన్నటి రిబ్బన్లుగా కత్తిరిస్తే గ్యాప్ వస్తుంది గానీ అంచులు ఏమాత్రం గరుకుగా ఉన్నా ఎలక్ట్రాన్లు అక్కడ గుద్దుకుని ఏ స్పీడ్ కోసం ఇదంతా మొదలుపెట్టామో అదే పోతుంది

క్లాక్‌వేట: ఇప్పుడు అర్థమైంది, థాంక్స్ ఇద్దరికీ. అయితే ఇక ఆశ లేనట్టేనా?

పొరలుపొరలు: ఎందుకు లేదండీ! 2024 జనవరిలో జార్జియా టెక్‌లో వాల్టర్ డి హీర్, చైనాలోని టియాంజిన్ యూనివర్సిటీ వాళ్లతో కలిసి చేసింది చూడండి. సిలికాన్ కార్బైడ్‌ని బాగా వేడి చేస్తే పైనున్న సిలికాన్ ఆవిరై కార్బన్ పొర మిగులుతుంది, ఆ మొదటి పొర కింది క్రిస్టల్‌కి అతుక్కుని ఉంటుంది, ఆ అతుకుల వల్లే దానికి 0.6 ఎలక్ట్రాన్ వోల్ట్ గ్యాప్ ఉంది (సిలికాన్‌ది 1.12), మొబిలిటీ కూడా 5000 దాటింది, సిలికాన్‌లో అది 1400 దాకా. నాకైతే ఇన్నేళ్లలో ఇంత సంతోషం కలిగించిన రిజల్ట్ ఇంకోటి లేదు. ఇక దాని మీద ఆ మొబిలిటీ చెడకుండా గేట్ ఇన్సులేటర్ పొర (ట్రాన్సిస్టర్‌ని ఆన్ ఆఫ్ చేసే ఎలక్ట్రోడ్ కింద ఉండే కరెంట్ పారని పొర) వేయడం, వేఫర్ (చిప్‌లు తయారుచేసే పలుచని బిళ్ల) అంతా ఒకేలా రప్పించడం అనే రెండు పెద్ద పనులున్నాయి

గేట్‌లెవెల్: ఇంకో సంగతి, రేడియో సర్క్యూట్లకి పూర్తిగా ఆఫ్ అవ్వాల్సిన పని లేదు. 2014లోనే ఐబీఎం వాళ్లు గ్రాఫీన్ రిసీవర్ చిప్‌తో 4.3 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మీద వచ్చిన "ఐబీఎం" అనే మూడక్షరాల మెసేజ్‌ని అందుకున్నారు. అందుకే నా లెక్కలో గ్రాఫీన్ ముందు రేడియో వైపు వస్తుంది, ప్రాసెసర్ తర్వాత